ఆ ఐ7 వద్దు గానీ, పాతదే కొందాం

హైదరాబాద్

చిన్నా,

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. ఫోన్లో చెబితే సగం వింటావు, సగం మర్చిపోతావు. పైగా పిన్నికి చెప్పాల్సినవి కూడా కొన్ని ఉన్నాయి. అందుకే రాస్తున్నాను. చదివాక ఇంట్లో వాళ్లకీ వినిపించు.

ముందు అసలు జవాబు చెప్పేస్తాను. సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొనడంలో తప్పేమీ లేదు. బాబాయ్ ఇస్తానన్న 25 వేలకి అంతకంటే మంచి దారి కూడా లేదు. కానీ నువ్వు మనసు పడ్డ ఆ 14 వేల లాప్‌టాప్ మాత్రం కొనకు. ఈ వారం దాటితే ఆ రేటు ఉండదని షాపాయన అన్నాడని కంగారుపడి అడ్వాన్స్ కట్టెయ్యకు. అలాంటివి ఎప్పుడు వెళ్లినా దొరుకుతాయి.

ఎందుకు వద్దంటున్నానో విను. ఐ7 కాబట్టి ఐ5 కంటే గొప్పదని ఆయన చెప్పాడన్నావు. ఒకే కాలంలో వచ్చిన రెంటిని పక్కపక్కన పెడితే ఆ మాట చాలావరకు నిజమే. కానీ ఐ7 పక్కన ఒక నంబరు ఉంటుంది, సంగతంతా అందులోనే ఉంది. నీ మూడో ఫొటోలో, సెట్టింగ్స్ తెరిచి చూపించిన దగ్గర, 6600యూ అని కనిపిస్తోంది. మొదటి అంకె ఆరు కాబట్టి అది ఆరో జనరేషన్. 2015లో వచ్చిన చిప్. అందులో ఉన్నవి రెండే కోర్లు. 2017లో ఎనిమిదో జనరేషన్ తెచ్చినప్పుడు ఇంటెల్ వాళ్లు ఆఫీసు లాప్‌టాప్‌ల్లో వాడే ఈ రకం చిప్పుల్లో కోర్లని నాలుగు చేశారు. అందుకే 8250యూ అనే మామూలు ఐ5 కూడా నీ ఐ7 కంటే పనిలో ముందుంటుంది. ఇకమీదట ఎవరైనా ఐ5, ఐ7 అని మాత్రమే చెప్పి ఊరుకుంటే ఆ తర్వాతి నంబరు అడుగు. పదో జనరేషన్ నుంచి మొదటి రెండంకెలూ కలిపి చదవాలి. 10310యూ అంటే పది, 1135జీ7 అంటే పదకొండు.

విండోస్ 11 వేసి ఉంది కదా అని అడిగావు. వేసి ఉండటం వేరు, ఆ మిషన్‌కి అది పనికొస్తుందని మైక్రోసాఫ్ట్ ఒప్పుకోవడం వేరు. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ లేదా ఆపైన ఉండాలన్నది వాళ్లు పెట్టిన నిబంధన. ఏడో జనరేషన్‌లో ఏవో ఒకటి రెండు రకాలకి మినహాయింపు ఇచ్చారు, అంతే. ఆ చెకింగ్‌ని దాటించి పాత వాటిలో 11 ఎక్కించే ఉపాయాలు షాపుల వాళ్లందరికీ తెలుసు. తెరమీద చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ అలా ఎక్కించిన వాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. పోనీ విండోస్ 10 వేసుకుందామా అంటే, దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆపేశారు. నువ్వు ఇందులోనే ఫీజులు కడతావు, బ్యాంకు అకౌంటు తెరుస్తావు. సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయిన మిషన్ నీ చేతికివ్వడానికి నాకు మనసొప్పడం లేదు.

ఆ లాప్‌టాప్ దేనికీ పనికిరాదని అనడం లేదు. లినక్స్ మింట్ వేస్తే ఆ డెల్ లాటిట్యూడ్ ఈ7470 ఇంకా కొన్నేళ్లు చక్కగా నడుస్తుంది. బాబాయ్ కొట్టు లెక్కలకో, చెల్లి చదువుకో అయితే కొనమనేదాన్ని. నీకు మాత్రం కాలేజీ వాళ్ల ఆన్‌లైన్ పరీక్షలుంటాయి, ఫైనలియర్లో ప్లేస్‌మెంట్ టెస్టులుంటాయి. వాటిలో చాలా సాఫ్ట్‌వేర్లు విండోస్‌నే అడుగుతాయి. పరీక్ష మొదలయ్యే ముందు ఆ తలనొప్పి నీకెందుకు?

ఇంకొక లెక్క కూడా ఉంది. నువ్వు కొంటున్నది ఈ ఏడాదికి కాదు, నాలుగేళ్ల బీటెక్‌కి. మైక్రోసాఫ్ట్ గీసిన గీత ఇవాళ ఎనిమిదో జనరేషన్ దగ్గర ఉంది. రేపు ఆ గీతని జరిపితే ముందు పోయేది ఎనిమిదే. అందుకే గుమ్మంలో నిలబడ్డదాన్ని కాకుండా గదిలోకి వచ్చినదాన్ని చూసుకోమంటాను. పదో జనరేషన్, కుదిరితే పదకొండు. 2020, 2021ల్లో ఆఫీసులు కొన్నవి ఇప్పుడు బయటికి వస్తున్నాయి. డెల్‌లో లాటిట్యూడ్ 5410, 5420, హెచ్‌పీలో ఎలైట్‌బుక్ 840 జీ7, లెనోవోలో థింక్‌ప్యాడ్ టీ14. ఈ పేర్లు రాసుకో. బడ్జెట్‌లో ఇవి పడకపోతే అప్పుడు ఎనిమిదికి దిగుదాం. థింక్‌ప్యాడ్ టీ480, లాటిట్యూడ్ 7490, ఎలైట్‌బుక్ 840 జీ5. అంతకంటే కిందికి ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.

ఇవన్నీ ఎక్కణ్నుంచి వస్తాయో చెబితే నీకు కాస్త ధైర్యం వస్తుంది. మా ఆఫీసు ఐటీ సపోర్ట్‌లో నా పనిలో ఇదొక భాగం. కంపెనీలు లాప్‌టాప్‌లని మూడు, నాలుగేళ్ల వారంటీతోనో లీజుతోనో తీసుకుంటాయి. గడువు తీరగానే, బాగా నడుస్తున్నా సరే, మార్చేస్తాయి. వారంటీ లేని మిషన్ పాడైతే ఉద్యోగి ఒక పూట ఖాళీగా కూర్చోవాలి. కంపెనీకి ఆ నష్టమే ఎక్కువ. అందుకని అందరివీ వెనక్కి తీసుకుని, డేటా తుడిచేసి, సీరియల్ నంబర్లు సరిచూసి లాట్ల కింద వెండర్లకి ఇచ్చేస్తాం. మేం ఇచ్చిన వాటిలో చాలా లాప్‌టాప్‌లు రోజంతా టేబుల్ మీదే ఉండి, ఏసీ గదిలో, ఛార్జర్‌కి తగిలించే బతికాయి. బయట షాపుల్లో దొరికే ఇంటి లాప్‌టాప్‌ల కంటే వీటి కట్టుబడి కూడా గట్టిది. కింద ఉన్న స్క్రూలు తీస్తే ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, బ్యాటరీ, ఫ్యాన్ అన్నీ చేతికి అందుతాయి. స్పేర్ పార్టులు కాకినాడలో దొరక్కపోయినా ఇక్కణ్నుంచి పంపించగలను.

వెండర్ దగ్గరికి వెళ్లాక కథ రెండు దారులవుతుంది. మంచివాడైతే ఒక్కోటీ విప్పి, దుమ్ము దులిపి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్ట్ మార్చి, పోయిన పార్టు కొత్తది వేసి, టెస్ట్ చేసి అమ్ముతాడు. దాన్నే రీఫర్బిష్డ్ అనాలి. ఇంకొకడు పైన గుడ్డతో తుడిచి, మూత మీద మెరిసే స్టిక్కర్ అంటించి అదే పేరుతో అమ్ముతాడు. ఏ గ్రేడ్, బీ గ్రేడ్ అని వాళ్లు చెప్పేవి చాలావరకు పైపై అందాన్ని బట్టే. నా మాట విని బీ గ్రేడ్ తీసుకో. మూత మీద గీత పడినా ప్రోగ్రామ్ రన్ అవుతుంది, ఆ మిగిలిన డబ్బు బ్యాటరీకి పనికొస్తుంది. మూత మీదో అడుగునో పాత అసెట్ ట్యాగ్ పీకేసిన జిగురు మరక చతురస్రంగా కనిపిస్తే నాకైతే సంతోషమే. అది ఆఫీసు నుంచి వచ్చిందనడానికి ఆనవాలు.

పిన్ని మాటకి వస్తాను. ‘ఆ డబ్బుకి కొత్తదే వస్తోంది కదే, ఎవరో వాడేసింది ఎందుకు’ అంది నాతో. పిన్నీ, నీ భయం నాకు తెలుసు. కానీ 25 వేల లోపు కొత్తవాటిలో ఎక్కువగా వచ్చేది సెలెరాన్ అనే చిన్న చిప్. ఎన్4020 గానీ ఎన్4500 గానీ చూడు, వాటిలోనూ రెండే కోర్లు. ర్యామ్ చాలావాటిలో 4 జీబీయో 8 జీబీయో బోర్డుకే అతికించేసి ఉంటుంది, తర్వాత పెంచుకోవడం కుదరదు. కొన్నింట్లో ఎస్‌ఎస్‌డీ బదులు ఈఎమ్‌ఎమ్‌సీ అని నెమ్మదైన మెమరీ పెడతారు, అదీ బోర్డుకే. సినిమాలు చూడ్డానికీ, ఒకటి రెండు పేజీలు టైప్ చేసుకోవడానికీ అవి చాలు. వీడు సెకండియర్లో జావా మొదలెట్టి, బ్రౌజర్లో పది ట్యాబులు తెరిచి, పక్కన డేటాబేస్ కూడా నడిపితే అది ఊపిరాడక కూర్చుంటుంది. అప్పుడు మళ్లీ డబ్బు పెట్టాలి. 55, 60 వేలు ఇబ్బంది లేకుండా పెట్టగలిగే రోజులైతే నేనే కొత్తది కొనమని చెప్పేదాన్ని. నీ గాజులు బ్యాంకులో పెట్టి మాత్రం కొనొద్దు. ఆ అవసరం లేదు.

ర్యామ్ సంగతి విడిగా చెప్పాలి. ఫస్టియర్లో సీ, పైథాన్‌లకి 8 జీబీ సరిపోతుంది. థర్డియర్లో ఆండ్రాయిడ్ స్టూడియో తెరిచి ఎమ్యులేటర్ కూడా నడపాలంటే 16 కావాలి. ముందు 8తో కొని తర్వాత పెంచుకోమని ఇదివరకు అందరికీ చెప్పేదాన్ని. 2025 చివర నుంచి ర్యామ్ రేట్లు బాగా పెరిగిపోయాయి, అందుకని కుదిరితే 16 ఉన్నదే తీసుకో. 8 ఉన్నదే దొరికితే రెండో స్లాట్ ఖాళీగా ఉందో లేదో చూడు. టాస్క్ మేనేజర్‌లో మెమరీ దగ్గర ఎన్ని స్లాట్లు వాడారో రాసి ఉంటుంది. మెషీన్ లెర్నింగ్‌కి గ్రాఫిక్స్ కార్డు కావాలని నీ సీనియర్ చెప్పాడట. గూగుల్ కొలాబ్‌లో ఉచితంగా ఇచ్చేదే నీకు మొదట్లో చాలు. పాత గేమింగ్ లాప్‌టాప్ జోలికి మాత్రం పోకు. అవి ఎన్నాళ్లు ఎంత వేడిలో కాగాయో బయటికి తెలియదు.

ఇక షాపులో ఏం చూడాలి. సిగ్గుపడకు, తొందరపడకు, కనీసం గంట కూర్చుంటానని ముందే చెప్పు. ఒప్పుకోని షాపులో కొనక్కర్లేదు. ఆన్ చెయ్యకముందే మూత వేసి బల్ల మీద పెట్టి పక్క నుంచి చూడు. మూత సమంగా పడకుండా మధ్యలో ఎత్తుగా ఉన్నా, టచ్‌ప్యాడ్ ఉబ్బినట్టుండి నొక్కితే గట్టిగా తగిలినా, లోపల బ్యాటరీ ఉబ్బిందేమోనని అనుమానించు. అది ప్రమాదం. బేరం కూడా ఆడకుండా లేచి వచ్చెయ్. తిరగేసి అడుగున స్క్రూలు చూడు. తలలు అరిగిపోయి ఉన్నా, ఒకటి రెండు వేరే రకానివి బిగించి ఉన్నా, దాన్ని చాలాసార్లు విప్పారని అర్థం. ఛార్జింగ్ పోర్టులో ఫోన్ టార్చ్ వేసి చూడు. లోపల పచ్చగానో తెల్లగానో పొర కట్టి ఉంటే నీళ్లు పడ్డ మిషన్ కావచ్చు.

స్క్రీన్ ఎలాగూ చూస్తావు. తెల్ల బొమ్మ నిండుగా పెట్టి మచ్చలున్నాయేమో చూడు, అలాగే ఫుల్ హెచ్‌డీ అవునో కాదో కనుక్కో. పాతవాటిలో 1366 బై 768 తెరలు చాలా ఉన్నాయి. దాంట్లో రోజూ కోడ్ చదివితే కళ్లు లాగుతాయి. నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి కీ నొక్కు. కెమెరా, మైకు, అన్ని యూఎస్‌బీ పోర్టులు, వైఫై అన్నీ పరీక్షించు.

బ్యాటరీ గురించి నోటి మాట నమ్మకు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, కాస్త ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని కొట్టు. ఒక పేజీ తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ అంటే కొత్తలో ఎంత పట్టేదో, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అంటే ఇప్పుడెంత పడుతోందో. 60,000 ఉండాల్సిన చోట 45,000 ఉంటే బాగానే ఉన్నట్టు. 27,000 ఉంటే కొత్త బ్యాటరీ ఖర్చు బేరంలో తగ్గించమను. ఎస్‌ఎస్‌డీకి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది. ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేని వెర్షన్ పెన్‌డ్రైవ్‌లో వేసుకో. హెల్త్ ఎంత శాతమో, ఎన్ని గంటలు నడిచిందో చూపిస్తుంది. మూడేళ్లు ఆఫీసులో పనిచేసిందంటే ఆరేడు వేల గంటలు ఉండటం సహజం, దానికి బెదరకు. గంటలు పదుల్లో ఉండి, పేరు ఎప్పుడూ విననిదైతే, అసలు ఎస్‌ఎస్‌డీ తీసేసి చవకది పెట్టారన్నమాట. దాన్ని నమ్ముకుని ప్రాజెక్టు ఫైళ్లు పెట్టకు.

ఛార్జర్ దగ్గర కూడా మోసపోతారు. డెల్ లాప్‌టాప్ తన ఛార్జర్‌ని గుర్తుపడుతుంది. డూప్లికేట్ పెడితే ఆన్ అయ్యేటప్పుడు అడాప్టర్ ఏదో తెలియడం లేదని మెసేజ్ ఇస్తుంది, బ్యాటరీ ఎక్కకపోవచ్చు. అందుకే వాళ్లిచ్చే ఛార్జర్‌తోనే ఆపి, మళ్లీ ఆన్ చేయించు.

ఇంతవరకు చెప్పినవి ఎవరైనా చెబుతారు. ఇప్పుడు చెప్పేది మా పనిలో ఉన్నవాళ్లకి తెలిసేది, దీన్ని మాత్రం మర్చిపోకు. కంపెనీ లాప్‌టాప్‌కి రెండు రకాల తాళాలు మిగిలిపోయే అవకాశం ఉంది. ఒకటి బయోస్ పాస్‌వర్డ్. డెల్ అయితే ఆన్ అవుతుండగా ఎఫ్2, లెనోవో అయితే ఎఫ్1, హెచ్‌పీ అయితే ఎఫ్10 నొక్కితే బయోస్ తెరుచుకోవాలి. పాస్‌వర్డ్ అడిగితే వదిలెయ్. థింక్‌ప్యాడ్‌లో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పోతే మదర్‌బోర్డే మార్చాలన్నది కంపెనీ చెప్పే మాట. లోపల కంప్యూట్రేస్ లేదా అబ్సల్యూట్ అని ఉన్న చోట యాక్టివేటెడ్ అని కనిపించినా తీసుకోకు. పోయిన లాప్‌టాప్‌లని వెతకడానికి కంపెనీలు పెట్టుకునేది అది.

రెండోది ఇంకా మోసకారి. లాప్‌టాప్‌ని కంపెనీ మైక్రోసాఫ్ట్ దగ్గర తన పేరు మీద నమోదు చేసుకుంటుంది. దాన్ని ఆటోపైలట్ అంటారు. అమ్మేముందు ఆ నమోదు తీసెయ్యాలి. మేం ఒక్కోటీ టిక్ పెట్టుకుని తీసేస్తాం, కానీ లాట్‌లో ఒకటి అరా మిగిలిపోవచ్చు, దొంగతనంగా వచ్చినదైతే ఉండనే ఉంటుంది. షాపువాళ్లు నెట్ తగిలించకుండా విండోస్ ఎక్కిస్తారు కాబట్టి అప్పుడేమీ తెలియదు. నువ్వు ఆర్నెల్ల తర్వాత రీసెట్ చేసి వైఫై కలిపితే, ఫలానా కంపెనీకి స్వాగతం, మీ ఆఫీసు ఈమెయిల్ కొట్టండి అని కూర్చుంటుంది. అందుకే కొనేముందే విండోస్ రీసెట్ చేయించి, నీ ఫోన్ హాట్‌స్పాట్ కలిపి, మొదటి స్క్రీన్ల నుంచి నీ కళ్ల ముందే సెటప్ చేయించు. టైము పడుతుంది, పట్టనీ. ఏ కంపెనీ పేరూ రాకుండా నీ పేరు అడిగితే నిశ్చింత. పాత ఓనరు డేటా ఏదైనా మిగిలి ఉన్నా ఈ దెబ్బకి పోతుంది.

సెటప్ అయ్యాక కమాండ్ ప్రాంప్ట్‌లోనే ఎస్‌ఎల్‌ఎమ్‌జీఆర్, ఖాళీ, స్లాష్, ఎక్స్‌పీఆర్ అని కొట్టు. పర్మనెంట్‌గా యాక్టివేట్ అయిందని వస్తే మంచిది. ఏదో తేదీ చూపించి అప్పటికి గడువు తీరుతుందంటే, ఆఫీసులకిచ్చే లైసెన్సు పద్ధతిని అడ్డదారిలో వాడారని అనుకోవచ్చు. అది 180 రోజులకొకసారి రెన్యూ అవ్వాలి. అలాంటివి ఎక్కించే పైరసీ టూల్స్‌తో పాటు ఇంకేం ఎక్కుతాయో ఎవరికీ తెలియదు.

బిల్లు లేకుండా కొనకు. జీఎస్టీ నంబరు, లాప్‌టాప్ సీరియల్ నంబరు రెండూ బిల్లు మీద ఉండాలి. అడుగున ఉన్న నంబరు, బయోస్‌లో కనిపించే నంబరు, బిల్లు మీదది ఒకటే కావాలి. ఆ నంబరు కంపెనీ వెబ్‌సైట్లో కొడితే ఎప్పటి మోడలో, వారంటీ ఎప్పుడు తీరిందో తెలుస్తుంది. టెస్టింగ్ వారంటీ 15 రోజులంటారు, నెలంటారు. ఆరు నెలలు రాసిచ్చే షాపులు ఉన్నాయి, వెయ్యి ఎక్కువైనా అక్కడే తీసుకో. ఆ వెయ్యి వేస్ట్ కాదు.

హాస్టల్లో మీ రూమ్మేట్లు 80 వేలవి తెచ్చుకున్నారని రాశావు. తెచ్చుకోనీ. వాళ్ల లాప్‌టాప్ నీదాని కంటే గేములు బాగా ఆడుతుంది, అందులో సందేహం లేదు. డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్‌లో నువ్వు రాసే ప్రోగ్రామ్ రెంటిలోనూ ఒకేలా కంపైల్ అవుతుంది. బాబాయ్ మీద భారం పడకూడదని నీ అంతట నువ్వే పాతది వెతుక్కున్నావు చూడు, అది విన్నప్పుడు నాకెంత బాగా అనిపించిందో చెప్పలేను.

ఇక చెయ్యాల్సింది ఇది. వచ్చే శుక్రవారం రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వచ్చెయ్. శనివారం సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళదాం. అందరూ సీటీసీ అంటారు. ఒకే బిల్డింగ్‌లో షాపు పక్కన షాపు ఉంటుంది కాబట్టి నాలుగైదు చోట్ల రేటు కనుక్కుని, చూసి బేరమాడొచ్చు. 22 వేల వరకు లాప్‌టాప్‌కి పెడదాం. మిగిలిన మూడు వేలు బ్యాటరీకని పక్కన పెట్టు, బ్యాటరీ బాగున్నది దొరికితే బాబాయ్‌కి తిరిగిచ్చెయ్. పెన్‌డ్రైవ్ తెచ్చుకో. ఫోన్‌లో డేటా నిండుగా ఉండేట్టు చూసుకో, రీసెట్ అయ్యాక అప్‌డేట్లకి చాలా ఖర్చవుతుంది. డబ్బు చేతిలో పట్టుకు రావద్దు, బాబాయ్‌ని నీ అకౌంటులో వెయ్యమను, అక్కడ యూపీఐ చేద్దాం. ఆ షాపాయనకి ఫోన్ చేసి వద్దని మర్యాదగా చెప్పెయ్, పాపం నీ కోసం పక్కన పెట్టి ఉంచాడేమో.

పిన్నిని ఈసారి ఆవకాయ చిన్న సీసాలోనే పెట్టమను, మొన్నటిదే ఇంకా ఉంది.

ప్రేమతో,
అక్క